కటకం లేని ఎన్లార్జరు

తార్నాక నుంచి లాలాపేట వైపు పోయే దారిలో, ఒక పాతసామాను దుకాణం ముందు, కిందటి వర్షాకాలంలో నాకొక ఇనుప కొంగ కనిపించింది. ఒంటికాలిమీద నిలబడి మెడ ముందుకు చాచిన కొంగ. ముక్కు మాత్రం లేదు. ఒకవైపు విరిగిన ఫ్యాన్లు, ఇంకొకవైపు కూలరు జాలీలు, నడుమ ఇది. దుకాణదారుకు అదేమిటో తెలియదు. "పెద్ద మైక్రోస్కోపు సార్. ఏదో ఆఫీసు సామానుల వచ్చింది. తూకం లెక్కనే ఇస్త" అన్నాడు. దగ్గరకు వెళ్ళి దుమ్ము తుడిచి చూస్తే అది ఫోటో ఎన్లార్జరు. తయారుచేసినవారి పేరు చెరిగిపోయింది. 'మేడ్ ఇన్ చెకొస్లొవేకియా' అన్న అక్షరాలు మిగిలాయి. పక్కన తెల్లరంగుతో, చేత్తో రాసిన జాబితా సంఖ్య ఒకటి.

తార్నాక చుట్టూ సంస్థలకు కొదవ లేదు. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇంకొకవైపు రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ. కాస్త ముందుకు పోతే కణ, అణుజీవశాస్త్ర కేంద్రం, భూభౌతిక పరిశోధన సంస్థ. ఫిలిము రోజుల్లో శాస్త్రం చదివేచోట చీకటిగది ఉండడం మామూలు సంగతే. ఇవి కాక వీధి వీధికీ ఫోటో స్టూడియోలుండేవి. ఆ తెల్లరంగు సంఖ్య ఎవరిదో ఊహించే ప్రయత్నం నేను చేయలేదు. చెప్పదలచుకున్నది ఒక సంస్థ మీద ఫిర్యాదు కాదు. మనందరికీ ఉన్న ఒక అలవాటును గురించి.

బేరమాడి 1,200 రూపాయలకు ఆ కొంగను ఆటోలో ఇంటికి తెచ్చాను. వంటింటి గట్టుమీద పెట్టి లెక్క చూసుకుంటే ఉన్నవాటికన్నా లేనివే ఎక్కువ. స్తంభం ఉంది, దీపపు గూడు ఉంది, ఎత్తు మార్చే చక్రం ఉంది, చిల్లులు పడిన తిత్తి ఉంది. కటకం లేదు. కటకాన్ని బిగించే పలక లేదు. నెగటివును పట్టుకునే చట్రం లేదు. రెండు కండెన్సరు అద్దాలలో ఒకటి లేదు. బల్బు హోల్డరు లేదు, కింది పీట లేదు. విడిభాగాల కోసం రాద్దామంటే ఆ దేశమే 1993లో రెండుగా విడిపోయింది. ఇక ఎవరికి రాయను?

భాగాలు వాటంతట అవి ఊడిపోవు. కటకానికి విలువ ఉంది కాబట్టి అది ముందే వేరుగా అమ్ముడుపోయి ఉంటుంది. కండెన్సరు అద్దం ఎవరో పిల్లవాడికి భూతద్దంగా పనికొచ్చి ఉంటుంది. పీట మంచి చెక్క. ఏ బల్ల కిందకో చేరి ఉంటుంది. ప్రతి ఒక్కరూ తమకు పనికొచ్చేదే తీసుకున్నారు. ఎవరూ దొంగలు కారు. అందరూ కలిసి యంత్రాన్ని మాయం చేశారు, అంతే.

ఈ యంత్రం ఎరుగని మిత్రుల కోసం రెండు మాటలు. ఎన్లార్జరు అంటే తలకిందులైన కెమెరా. పైన దీపం, దాని కింద, వెలుగును సమంగా పంచే కండెన్సరు, ఆ కింద నెగటివు, దాని కింద కటకం, అన్నిటికీ అడుగున పీటమీద కాగితం. కెమెరా పెద్ద లోకాన్ని చిన్న ఫిలిములోకి దించుతుంది. ఇది చిన్న ఫిలిమును మళ్ళీ పెద్ద కాగితంమీదికి దించుతుంది. దీనికి తెలుగు మాట కావాలని పట్టుబట్టే మిత్రులున్నారు. 'వర్ధకం' అనవచ్చునేమో. ఆ వృత్తికి మాత్రం మన జనం ఏనాడో సొంత మాట పెట్టుకున్నారు: ఫోటోలు 'కడగడం'. రీలు కడిగించుకు రావడం, ఫోటో పెద్దది చేయించడం. ఇంతకన్నా మంచి అనువాదం పండితులెవరూ చేయలేరు. నిజానికి అక్కడ జరిగేది కడగడమే.

'ఫోటో పెద్దది చేయించడం' అన్న మాట మన ఇళ్ళలో ఎప్పుడు వినబడేదో గుర్తు చేసుకోండి. ఎవరో పోయాక. ఇల్లంతా వెతికి, పోయినవారి చిన్న ఫోటో ఒకటి పట్టుకుని, స్టూడియోకు పరిగెత్తి, పెద్దకర్మ నాటికి ఫ్రేము కట్టించి దండ వేయాలి. పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి తల ఒక్కటే తీసి పెద్దది చేసేవారు. మసకబారిన చోట కుంచెతో దిద్దేవారు. మా అమ్మ ఫోటో అలా గోడకెక్కినదే. ఆ కళ్ళు ఆమెవే. పమిట అంచు మాత్రం స్టూడియో ఆయన కుంచెది.

నేను ఆ ఇనుప కొంగను కొనడానికి అసలు కారణం వేరే ఉంది. 1974లో మా అక్క ఉస్మానియాలో ఎమ్మే చేరింది. నల్లగొండ దగ్గరి ఊరి నుంచి అక్కను దింపడానికి నాన్న, అమ్మ వచ్చారు. నాకు జ్వరం, నేను రాలేదు. నాన్న దగ్గర ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా ఉండేది. ఒక రీలుకు 12 బొమ్మలు, అన్నీ చదరంగా వచ్చేవి. ఆర్ట్స్ కాలేజి మెట్లమీద అక్కను నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. ఆ ఫోటో పోస్టుకార్డు సైజులో మా ఇంట్లో నలభై ఏళ్ళకు పైగా ఉంది. నిలువు బొమ్మ. నడుమ అక్క, వెనక ఆ పెద్ద కమాను. ఇంకెవరూ లేరు.

నాన్న పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే స్టూడియో కవరులో ఆ నెగటివు దొరికింది. కిటికీకి ఎదురుగా పట్టి చూశాను. నెగటివులో తెలుపు నల్లగా, నలుపు తెల్లగా ఉంటుంది గదా. ఆ తారుమారు లోకంలో ఎడమ అంచున ఒక మనిషి నిలబడి ఉంది. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు. ఇంకొక చెయ్యి ఎండకు నుదుటికి అడ్డం. అమ్మ.

నలభై ఏళ్ళు అమ్మ ఆ కవరులోనే ఉంది. గోడమీది బొమ్మ కోసం పెళ్ళి ఫోటోలోంచి తల కత్తిరించుకున్న మాకు, నిలువెత్తు అమ్మ ట్రంకుపెట్టెలో ఉన్న సంగతి తెలియదు. ఆ స్టూడియో ఆయనమీద నాకు చాలా కోపం వచ్చింది. ఒక మనిషిని తీసి పారేయడానికి ఆయనెవరు?

సరే, ముక్కలేని కొంగకు ముక్కు పెట్టడం మొదలైంది. ముందు కటకం. నెగటివు కొలతను బట్టి కటకం కావాలి. 35 మి.మీ. ఫిలిముకు 50 మి.మీ. కటకం చాలు. మా నాన్న తీసిన చదరపు నెగటివు లోపలి బొమ్మ ప్రతి పక్కా సుమారు 56 మి.మీ. ఉంటుంది, దాని కర్ణం దాదాపు 79 మి.మీ. దానికి 50 మి.మీ. కటకం పెడితే మూలలకు వెలుగు అందదు. 75 గాని 80 గాని కావాలి. కోఠీలో పాత ఫోటో సరుకు అమ్మే ఒకాయన దగ్గర, లోపల కాస్త బూజు పట్టిన 75 మి.మీ. కటకం దొరికింది. దాని మర 39 మి.మీ. వ్యాసం, ఎన్లార్జరు కటకాలలో ఎక్కువగా వాడిన కొలత. నా యంత్రం నోరు మాత్రం అంతకు రెండింతలు.

నాచారంలో లేతు పనిచేసే ఒకతనికి రెండూ చూపించాను. అతను జన్మలో ఎన్లార్జరు చూడలేదు. అయినా వెర్నియరుతో కొలిచి, 4 మి.మీ. అల్యూమినియం రేకును గుండ్రంగా తిప్పి, లోపల మర కోసి, సాయంత్రానికి చేతిలో పెట్టాడు. "ఈ తళతళ ఉండొద్దు గద సార్, లోపల వెలుగు తిరుగుతది" అని తనే అన్నాడు. బ్లాక్‌బోర్డు రంగు పూయమని సలహా ఇచ్చాడు. ఎన్లార్జరు సంగతి తెలియనివాడు దానికి ఏమి కావాలో గ్రహించాడు. ఈ నగరంలో ఇంకా పోనిది ఇదొకటి ఉందని సంతోషపడ్డాను.

తిత్తి చిల్లులకు పాత గొడుగు గుడ్డ అతికించాను. నెగటివు చట్రం కోసం మొదట రెండు గాజు పలకల నడుమ ఫిలిమును ఇరికించాను. కాగితంమీద ఆకాశంలో నూనె మరకల్లాంటి వలయాలు కనిపించాయి. గాజుకూ ఫిలిముకూ మధ్య సన్నని గాలిపొర చేరితే వచ్చే న్యూటన్ వలయాలవి. ఏనాడో క్యాంపస్‌లో ఫిజిక్సు ప్రాక్టికల్సులో సోడియం దీపం కింద వాటిని లెక్కపెట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు అవే వద్దని పోరాడవలసి వచ్చింది. గాజు తీసేసి, నల్ల అట్టలో 56 మి.మీ. చదరపు కిటికీ కోసి, రెండు అట్టల మధ్య ఫిలిము అంచులను పట్టించాను. వలయాలు పోయాయి.

పీట వడ్రంగి చేసి ఇచ్చాడు. నెగటివూ, కటకమూ, కాగితమూ మూడూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే బొమ్మ ఒక పక్క స్పష్టంగా, ఒక పక్క మసకగా వస్తుంది. తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి మూడుచోట్లా పెట్టి చూసి, స్తంభం కింద రేకు ముక్కలు దోపి సరిచేశాను.

ఇక కండెన్సరు. రెండు అద్దాలు, ఉబ్బెత్తు పక్కలు ఎదురెదురుగా ఉండి, వెలుగును నెగటివంతటా సమంగా పరచాలి. నా దగ్గర ఒకటే ఉంది. దానితోనే కానిచ్చి మొదటి బొమ్మ వేశాను. నడుమ వెలుగు ఎక్కువ, అంచులకు తక్కువ. కాగితంమీద వెలుగు తక్కువ పడిన చోటు తెల్లగా ఉండిపోతుంది. అక్క బాగానే వచ్చింది. అంచున ఉన్న అమ్మ తెల్లగా కరిగిపోయింది. మొదటిసారి స్టూడియోలో పోయింది. రెండోసారి నా చేతుల్లోనే పోయింది.

రెండో అద్దం కోసం నెలరోజులు తిరిగి, చివరకు ఉన్న ఒక్కదాన్నీ తీసేసి, దాని చోట సైన్‌బోర్డులు చేసే దుకాణంలో అడిగి తెచ్చిన పాలరంగు యాక్రిలిక్ ముక్క పెట్టాను. వెలుగు మెత్తబడింది. కాగితాన్ని ఎక్కువసేపు వెలుగులో ఉంచవలసి వచ్చింది, నలుపు తెలుపుల తేడా కాస్త తగ్గింది. అయితే వెలుగు అంచులదాకా సమంగా పరచుకుంది. పైగా నెగటివుమీద నలభై ఏళ్ళ గీతలు సగానికి సగం కనబడకుండా పోయాయి. కండెన్సరు వెలుగు గీతలను ఎత్తి చూపుతుంది, చెదిరిన వెలుగు వాటిని మన్నిస్తుంది. లేని భాగం నాకు చేసిన మేలు ఇది.

చీకటిగది పనులు నాకు పూర్తిగా కొత్త కావు. 1980లలో ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో మా శాఖ అటెండరు ఒకాయన చీకటిగది చూసుకునేవాడు. సాయంత్రం ఆరు దాటాక, ఎవరూ లేనప్పుడు, నన్ను లోపలికి రానిచ్చేవాడు. ఎర్ర జీరో బల్బు, హైపో వాసన, గోడకు కొట్టిన మేకుకు చేతిగడియారం. ఆయనకు ఇంగ్లీషు పుస్తకాలు రావు. మెటాలు, హైడ్రోక్వినోను, సల్ఫైటు, కార్బొనేటు, బ్రోమైడు అని వరస మాత్రం శతకంలా అప్పజెప్పేవాడు. కాగితంమీద బొమ్మ తేలుతుంటే నేను ఆత్రంగా బయటికి తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "తమ్మీ, జల్ది చెయ్యకు. నలుపు ముందుగాల వస్తది. మొఖం ఆఖర్న వస్తది. ఆగాలె."

ఎండాకాలంలో ఆయన అసలు ముద్రణ పెట్టుకునేవాడు కాదు. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మన కుళాయి నీళ్ళకు ఆ ఊసే తెలియదు. తప్పనిసరైతే పెద్ద పళ్ళెంలో మంచుగడ్డలు పోసి, అందులో చిన్న పళ్ళెం పెట్టి పని కానిచ్చేవాడు. వాడిన హైపోను ఏనాడూ మోరీలో పోయలేదు. అందులో వెండి కరిగి ఉంటుంది. స్టీలు పీచు వేసి వారం రోజులు ఉంచితే ఇనుము కరిగి వెండి బురదగా దిగుతుంది. ఇదంతా ఏ జాబితాలోనూ లేదు. ఆయన పదవీ విరమణ చేసిన రోజున ఒక దండ, ఒక శాలువ, ఒక గ్రూపు ఫోటో ఇచ్చి పంపాం. ఒక్క గంట కూర్చోబెట్టి ఆయనకు తెలిసింది రాసుకోవాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఇక్కడ మీలో కొందరు అడగబోయేది నాకు తెలుసు. ఇంత తంటా దేనికి, స్కానరు లేదా అని. ఉంది. ఆ నెగటివును నేను ముందే స్కాను చేయించాను. బాగా వచ్చింది. కొన్ని విషయాల్లో నా ముద్రణకన్నా బాగా వచ్చింది. డిజిటల్ వచ్చి ఫోటోను చంపేసిందని కన్నీరు పెట్టే జాతి కాదు నాది. ఊటీలో 'ఇందు' పేరుతో ఫిలిమూ కాగితమూ తయారుచేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడింది. కొడాక్ 2012లో దివాలా రక్షణ కోరింది. ఇప్పుడు కాగితం విదేశాల నుంచి రావాలి, డబ్బున్నవాడి సరదాగా మారింది. ఇదంతా ఒప్పుకుంటాను. అందరూ ఎన్లార్జర్లు కొనుక్కోవాలని నేననను.

కాని స్కానరు చెప్పలేని సంగతి ఒకటి ఈ యంత్రం చెప్పింది. పీటమీద పాత పోస్టుకార్డు సైజు కాగితం ఒకటి పెట్టి, దానికి సరిపడేలా అక్క బొమ్మను నిలువుగా అమర్చి చూశాను. కాగితం మూడున్నర అంగుళాల వెడల్పు, అయిదున్నర అంగుళాల పొడవు. నెగటివు చదరం. చదరాన్ని పొడవుకు సరిపెడితే వెడల్పు రెండు అంగుళాలు బయటికి పోతుంది. అంటే బొమ్మలో మూడోవంతుకు పైగా పీటమీద, కాగితం పక్కన పడుతుంది. అమ్మ సరిగ్గా అక్కడ పడింది, చెక్కమీద. నాన్న 'అమ్మాయి ఫోటో' కడగమని ఇచ్చి ఉంటాడు. స్టూడియో ఆయన నడుమ ఉన్న అమ్మాయిని నిలువు కాగితంలో కూర్చోబెట్టాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. అమ్మను తీసేసింది ఆయన కాదు, కాగితం ఆకారం. నలభై ఏళ్ళ తరవాత, ఆయన నిలబడినట్టు నేనూ ఎర్ర వెలుగులో నిలబడినప్పుడు గాని నాకీ సంగతి తెలియలేదు. నా కోపం ఆ రాత్రితో పోయింది.

కాబట్టి నా వాదం ఇది. ముద్రించిన ఫోటో ఒకరి నిర్ణయం. నెగటివు ఆ నిర్ణయానికి ముందున్న నిజం. ఆ రెంటికీ మధ్య ఏమి జరిగిందో తెలియాలంటే యంత్రమో, దాన్ని వాడిన మనిషో ఉండాలి. మనం పాతవాటిని వదిలించుకునేటప్పుడు ఈ మూడింటినీ మూడు దారుల్లో పంపుతాం. యంత్రం తుక్కుకు, మనిషి ఇంటికి, నెగటివులు చెత్తకు. విడివిడిగా చూస్తే మూడూ పనికిరానివే.

ఎప్పుడో ఎవరికో పనికొస్తుందని అన్నీ దాచుకుంటారా అంటే, ఉస్మానియా చరిత్రలోంచే జవాబు చెబుతాను. నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫోటోలు తీసిన పెద్ద పథకంలో హైదరాబాదు కూడా పాలుపంచుకుంది. మన వాటాకు వచ్చిన వాటిలో దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ ఒకటి. బేగంపేటలో రాత్రులు గాజు పలకలమీద ఆకాశాన్ని పట్టారు. పగలు ఆ నెగటివులమీదే, ముద్రణలమీద కాదు, నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. తరవాత చాలాకాలం ఆ సంపుటాలను పట్టించుకున్నవారు తక్కువ. 1989లో ఐరోపా వారు హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపారు. నక్షత్రం ఇప్పుడెక్కడ ఉందో అది చెప్పగలదు. ఎటు ఎంత కదిలిందో తెలియాలంటే పాత స్థానం కావాలి. అప్పుడు ఆ పాత కొలతలను బయటికి తీశారు. వాటినీ కలుపుకుని 2000లో దాదాపు 25 లక్షల నక్షత్రాల టైకో-2 జాబితా వచ్చింది. బేగంపేటలో పలక కడిగినవారికి ఉపగ్రహం సంగతి తెలిసే అవకాశం లేదు. వారు చేసిందల్లా పలకనూ, కొలతనూ, తేదీనీ కలిపి ఉంచడం.

మన దగ్గరివే ఇంకో రెండు ఉదాహరణలు. నిజాం కొలువులో ఫోటోగ్రాఫరుగా పేరు మోసిన రాజా దీనదయాళ్ 1905లో మరణించారు. ఆయన స్టూడియో గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. అవి నిలిచాయి కాబట్టే మనం ఆ కాలపు హైదరాబాదును నెగటివంత స్పష్టంగా చూడగలుగుతున్నాం. 1940లలో ఆదిలాబాదు గోండుల మధ్య తిరిగి, ఉస్మానియాలో మానవశాస్త్రం బోధించిన హైమెన్‌డార్ఫ్ తీసిన వేలాది ఫోటోలు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో ఉన్నాయి. మార్లవాయి ముఖాలు లండనులో భద్రంగా ఉన్నందుకు సంతోషమూ, మార్లవాయి మనవలకు అవి అంత దూరంలో ఉన్నందుకు బాధా, రెండూ కలుగుతాయి. పేరున్నవారి నెగటివులకు ఎక్కడో ఒక గూడు దొరికింది. ఊరూరా స్టూడియోవాళ్ళు అట్టపెట్టెల్లో దాచిన లక్షల ముఖాలకు ఆ గూడు లేదు. స్టూడియో మూసిన రోజున ఆ పెట్టెలు ఏమయ్యాయి? మనమెవరమూ వెళ్ళి అడగలేదు.

సంస్థలవారికి నా విన్నపం చిన్నది. సామాను 'పనికిరాదు' అని రాసే కాగితంమీద ఇంకొక గడి చేర్చండి: దీనితో చేసిన పని ఎక్కడ ఉంది, ఇది తెలిసినవారు ఎవరు? యంత్రాన్ని ఉంచుకోలేకపోతే అమ్మండి, తప్పులేదు. కటకం విడిగా, ఒళ్ళు విడిగా అమ్మకండి. పదవీ విరమణ చేసే సాంకేతిక సహాయకుడికి శాలువ కప్పే ముందు ఒక పూట ఆయన చెప్పేది రికార్డు చేయండి. ఇప్పుడు ప్రతివారి జేబులోనూ రికార్డు చేసే యంత్రం ఉంది.

మన ఇళ్ళ సంగతీ అంతకన్నా మెరుగేమీ కాదు. ఫ్రేము కట్టిన ఫోటో ఉందిగదా అని నెగటివులు పారేస్తాం. స్కాను చేయించాక మరీ ధైర్యంగా పారేస్తాం. మిత్రులారా, ఈ వారం మీ ఊళ్ళో అటకమీద, పాత పర్సుల్లో, పెళ్ళి ఆల్బముల వెనక వెతకండి. నెగటివును అంచులు పట్టుకుని కిటికీకి ఎదురుగా ఎత్తి, ఇంట్లో ఉన్న ఫోటోతో పోల్చి చూడండి. పులిసిన వాసన వేస్తుంటే ఫిలిము చెడిపోవడం మొదలైందన్నమాట. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, ముందుగా స్కాను చేయించండి. మిగతావి ప్లాస్టిక్కులో కాక మంచి కాగితపు కవర్లలో, చెమ్మ తగలనిచోట ఉంచండి. కవరుమీద పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు మాటలు రాయండి. చెప్పగలిగినవారు బతికి ఉండగానే రాయండి.

డిసెంబరులో ఒక చల్లని రాత్రి, కుళాయి నీళ్ళు నాకు అనుకూలించిన రాత్రి, స్నానాలగది తలుపు సందులకు దుప్పట్లు కుక్కి, ఎనిమిది పది అంగుళాల కాగితంమీద చదరాన్ని చదరంగానే, ఏమీ కత్తిరించకుండా ముద్రించాను. ముందు కమాను నీడలు వచ్చాయి. తరవాత అక్క జడ. తెల్లచీర కాబట్టి అమ్మ చాలాసేపు రాలేదు. మా అటెండరు అన్న చెప్పినట్టే ముఖం ఆఖరున వచ్చింది.

ఆ ముద్రణ తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. స్కాను చేసిన బొమ్మ అక్కకు ఫోనులో అదివరకే పంపాను; రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది. ఇప్పుడు కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇది కాగితం మహిమ అనను. నేను పక్కన కూర్చున్నందువల్ల కూడా కావచ్చు. "ఆ డబ్బాలో ఏముందో తెలుసారా? పులిహోర. ఫోటో అయినాక చెట్టుకింద కూచోని తిన్నం. ఎవరన్న చూస్తరేమోనని నేను సిగ్గుపడుతుంటే, అమ్మ పోయి దూరంగ నిలబడ్డది" అంది.

అమ్మ అంచున ఎందుకు ఉందో అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చి, ఆ మాట కవరుమీద పెన్సిలుతో రాశాను.